కొండల వానకు మా బిడ్డ వేసిన సవరణ

పొద్దున్నే పాల ప్యాకెట్ తెచ్చి, టీ పొయ్యి మీద పెట్టి, నేను మొదట చదివేది జగిత్యాల వార్తలు కాదు. ఇంతవరకు నేను కాలు పెట్టని ఒక కొండ ప్రాంతపు వాతావరణం. ఏ లోయలో వాన పడుతుంది, ఎంత ఎత్తు దాటితే ఆ వాన మంచుగా మారుతుంది, ఏ దారి ఏ పూటకు జారుడుగా ఉంటుంది, అన్నీ చదువుతాను. మా ఇల్లు పాత ఖిల్లాకు దగ్గర. ఇక్కడ అక్టోబరులో కూడా మధ్యాహ్నం ఫ్యాను లేకుండా కూర్చోలేం. ఆ ఫ్యాను కింద కూర్చుని "ఉత్తరపు వాలుల మీద తేలికపాటి హిమపాతం" అని నేను పైకి చదువుతుంటే వంటింట్లోంచి మా ఆవిడ అంటుంది:

"ఆడ మంచు పడ్తే ఈడ స్వెటర్ ఏసుకునేటట్టున్నవ్. టీ పొంగుతున్నది, సూడు."

ఆ వాతావరణం రాసేది మా బిడ్డ. అందుకే చదువుతాను. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ దినపత్రికలోనే చేశాను. మొదట విలేకరిగా, తర్వాత జిల్లా పేజీల డెస్కులో. డెస్కులో వాతావరణం వార్తకు పెద్ద మర్యాద ఉండేది కాదు. పేజీ కట్టాక ఎక్కడైనా రెండంగుళాల జాగా మిగిలితే అందులో పడేది. జాగా మిగలకపోతే ఆ రోజు జిల్లాలో వాతావరణమే లేదు. జగిత్యాల జిల్లా కాకముందు కరీంనగర్‌లో ఎంత ఎండ ఉంటే మాకూ అంతే ఎండ అన్నట్టు ఒకటే అంకె వేసి ఊరుకునేవాళ్లం.

ఒకసారి పంట కోతల కాలంలో రాయికల్ వైపు నుంచి ఒక రైతు డెస్కుకు ఫోన్ చేశాడు. ఆ రోజు పేపర్లో "అక్కడక్కడా వర్షం కురిసే అవకాశం ఉంది" అని వేశాం.

"సారూ, అవకాశం ఉన్నదని రాసిండ్రు. నా వడ్లు రోడ్డు మీద ఆరబోసి ఉన్నయి. కప్పాల్నా, వద్దా?"

"మాకు అట్లనే వచ్చింది. వచ్చింది వచ్చినట్టు వేసినం," అన్నాను.

"మీకు అట్ల అచ్చింది, మంచిదే. కప్పి పెడ్తే ఉక్కపోసి మొలకలు అస్తయి. ఇప్పి పెడ్తే తడుస్తయి. గీ అవకాశం పట్టుకొని నేనేం జేసుకోవాలె?"

ఆ తర్వాత నా చేతి మీదుగా వెళ్లిన ప్రతి వాతావరణం వార్తలో చివరి వాక్యం ఒక పని చెప్పేలా చూశాను. ఆరబోసిన ధాన్యం సాయంత్రానికి కుప్ప చేసుకోండి. పత్తి ఏరడం రేపటికి ఆపండి. పిడుగులు పడేట్టున్నాయి, పశువులను చెట్ల కింద కట్టేయకండి. ఇవన్నీ ఊహించి రాసినవి కావు. తెలిసినవాళ్లను అడిగి రాసినవి. ఈ ఒక్క వాక్యం కోసం ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటే డెస్కులో నా పక్క కుర్చీవాళ్లు నవ్వేవాళ్లు.

మా బిడ్డ బడి వయసులో పేపరు రాగానే ఆ చిన్న వార్త వెతుక్కునేది. చివరి వాక్యం ముందు చదివి, తర్వాత పైకి వెళ్లి మొత్తం చదివేది. నాన్న రాసింది కాబట్టి చదువుతోంది అనుకున్నాను తప్ప అందులో ఇంకేం ఉందో నేను ఆలోచించలేదు. జగిత్యాలలో డిగ్రీ, హైదరాబాదులో ఫిజిక్స్, తర్వాత వాతావరణ శాఖ పరీక్ష, శిక్షణ. చివరికి ఆ కొండల్లో పోస్టింగు. మంగలి షాపులో కూర్చున్నప్పుడు షాపాయన ఒకరోజు అడిగాడు:

"బిడ్డ ఏం జేస్తున్నది సారు?"

"వానలు, మంచు ఎప్పుడు వస్తయో చెప్తది. వాతావరణ శాఖల."

కత్తెర ఆపి ఆయన నా వైపు జాలిగా చూశాడు. "టీచర్ నౌకరీ రాలేదా?"

ఈ శరత్కాలంలో ఆ కొండ ప్రాంతానికి మొత్తం కాలపు వాతావరణ సూచన రాసే బాధ్యత మొదటిసారి ఆమె మీద పడింది. వానాకాలం వెనక్కి మళ్లాక, చలికాలం స్థిరపడకముందు ఉండే కాలం అది. పడమటి నుంచి తేమ గాలులు వస్తాయి. లోయల్లో వాన, పైన మంచు. ఆమె రాసింది హిందీలో, ఇంగ్లిష్‌లో వచ్చింది. ఫోన్లో నాకు తెలుగులో చదివి వినిపించింది. నేను రాసుకున్నది ఇది: "ఈ కాలంలో ప్రమాదం మంచుతో మొదలుకాదు, వానతో మొదలవుతుంది. పైదారుల్లో తడిసినవారు ఆరేలోపే ఆ వాన మంచుగా మారుతుంది. వానతో మొదలైన రోజు పైకి ఎక్కకండి. ఎక్కినవారు గదుల్లోంచి కదలకండి."

"చివరి వాక్యం బాగున్నది," అన్నాను.

"రెండు వాక్యాలు బాపు," అంది. మా వైపు తండ్రిని బాపు అనే అంటారు.

*

మా అక్క కోరుట్లలో ఉంటుంది. చిన్నప్పటి నుంచీ బీడీలు చుడుతుంది. ఒళ్లో ఆకుల చాట లేకుండా ఆమెను చూసిన గుర్తు నాకు లేదు. పెళ్లి మాటలు మాట్లాడుతున్నా, దెబ్బలాడుతున్నా చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. నాట్ల కాలం వస్తే చాట పక్కన పెట్టి పొలంలోకి దిగుతుంది. వాడలో ఆడవాళ్ల బృందానికి ఆమే పెద్ద. ఆమె లేస్తే అందరూ లేస్తారు, ఆమె కూర్చుంటే కూర్చుంటారు.

మా బిడ్డ పనిచేసే కొండల్లోనే, మంచు కొండ మీద ఉన్న ఒక గుడి తలుపులు తెరవడం టీవీలో చూసినప్పటి నుంచి ఆమెకు ఒకటే పట్టు, మోకాళ్లు పని చేస్తుండగానే ఆ కొండ ఎక్కాలని. చలికాలం ఆ గుడి మూసేస్తారు. దసరా అయ్యాక, తలుపులు మూయకముందు వెళ్లిరావాలని వాడ ఆడవాళ్లందరినీ ఒప్పించింది. సిరిసిల్ల నుంచి ఆమె వియ్యపురాలు కూడా వస్తానంది. వాళ్ల ఇంట్లో మరమగ్గాలు నడుస్తాయి. సిరిసిల్లలో వాటిని సాంచాలంటారు. ఆ సాంచాల చప్పుడులో మాట్లాడి మాట్లాడి ఆమెది ఎక్కడికి వెళ్లినా కేక గొంతే.

బయలుదేరే ముందు రోజు కోరుట్ల వెళ్లాను. వాకిట్లో యూరియా సంచులు కడిగి, ఆరేసి, మడత పెడుతున్నారు.

"గివేందక్కా? ఎవుసం చేయబోతున్నరా?"

"వాన పడ్తే నెత్తిన ఏసుకునేటందుకు. ఒక మూల లోపలికి మలిస్తే టోపీ. నాట్లప్పుడు గివే గద కాపాడినయి. గీటిని మించింది లేదు."

"ఆడ వాన ఒక్కటే గాదు. వాన పడి పడి మంచైతది."

"కానియ్. దినమంతా వానల నిలవడి నాటేసినోళ్లం. జెరంత మంచుకు భయపడ్తమా?"

వియ్యపురాలు లోపల్నుంచే అందుకుంది. "సాంచాల షెడ్డుల ఉడికి ఉడికి సచ్చిన వదినా. సల్లగుంటే నాకు మంచిదే. నన్ను గాడనే ఇడిసిపెట్టి రాండ్రి."

మా బిడ్డ రాసిన సూచన వాళ్లకు చెప్పాను. తడవడమే ప్రమాదం అన్నాను. విన్నారు. కానీ వానలో తడవడం ప్రమాదమంటే ఆ వాకిట్లో నమ్మేవాళ్లెవరు? ఒక్కొక్కరూ ఎన్ని వానాకాలాలు తడిశారో వాళ్లకే లెక్క లేదు. తడుస్తారు, ఇంటికి వస్తారు, చీర మార్చుకుంటారు, వేడిగా ఇంత జొన్న గటక తాగుతారు. వాళ్లకు తెలిసిన వాన అది.

"గంతదూరం ఎందుకు తమ్మీ," అంది అక్క. "నా మేనకోడలు గాడనే ఉన్నది గదా. వాన అచ్చేముందు అత్తకు ఒక్క ఫోన్ కొట్టదా ఏంది?"

అందరూ అవునన్నారు. వాన చెప్పే పిల్ల మన ఇంటి పిల్లే అయినప్పుడు ఇంకేం భయం అన్నట్టు ఆ సాయంత్రం మాటలు నడిచాయి. నేనూ కాదనలేదు. నాకూ అలాగే ఉంది.

పెద్దపల్లిలో రైలెక్కారు. దారి పొడుగునా ఫోన్లు వచ్చాయి. ఎక్కడ ఏ నది దాటారో, ఎవరికి పప్పు నచ్చలేదో, ఎవరు పై బెర్తు ఎక్కి దిగలేకపోయారో అన్నీ తెలిశాయి. కొండ కింద, రోడ్డు ఆగిపోయే ఊరికి చేరి సత్రంలో దిగారు. అక్కడి నుంచి నడక. పొద్దున బయలుదేరి మెల్లగా ఎక్కి, రాత్రి పైనే పడుకుని, మర్నాడు తెల్లవారి దర్శనం చేసుకుని దిగాలని వాళ్ల ఆలోచన. తిరుగు రైలుకు టికెట్లు ముందే అయ్యాయి. చేతిలో ఎక్కువ రోజులు లేవు.

మర్నాడు పొద్దున నేను ఎప్పటిలాగే ఆ ప్రాంతపు బులెటిన్ తెరిచాను. "మధ్యాహ్నం నుంచి వాన. సాయంత్రానికి ఎగువ భాగాల్లో మంచుగా మారుతుంది. ఈ రోజు పైకి బయలుదేరకండి." అంతే. నేను అక్కకు ఫోన్ చేద్దామనుకునేలోపు ఆమెదే వచ్చింది.

"తమ్మీ, గీడ పోలీసాయన మైకుల చెప్తున్నడు, వానట, పోవద్దట. మొగులే లేదురా. అద్దం లెక్కున్నది. పొద్దుగాల గింత సలి ఉన్నంక వాన యాడికెల్లి అస్తది?"

ఆ మాటలో అబద్ధం లేదు, కోరుట్లలో అయితే. మా దగ్గర పంట ఆరబోసేవాళ్లకు అదే కొండగుర్తు. పొద్దున ఉక్కగా ఉంటే సాయంత్రానికి మబ్బు పట్టి మొగులవుతుంది. పొద్దున చలి పెడితే వాన వెళ్లిపోయినట్టు, ధైర్యంగా కుప్ప విప్పుకోవచ్చు. ఆ గుర్తును సంచుల్లో పెట్టుకుని కొండల దాకా మోసుకుపోయారు.

"నేనూ చదివినక్కా. పైకి పోవద్దనే ఉన్నది."

"అది అందరికి రాసింది. మాకేం చెప్తదో అడుగు. మేం తొందరగ నడుస్తం. గా సంగతి దానికెరుకనే. పొద్దు మలగకముందే ఎక్కుతమంటే ఏమంటదో అడుగు."

"నువ్వే అడుగు."

"నాది ఎత్తుతలేదు. నువ్వు చేస్తే ఎత్తుతది."

చేశాను. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తింది. వెనకాల వేరే ఫోన్లు మోగుతున్నాయి.

"డ్యూటీల ఉన్న బాపు. ఏంది?"

"అత్తోళ్లు కిందనే ఆగిన్రు. మొగులు లేదంటున్రు. తొందరగ ఎక్కి ఉంటమంటున్రు. ఏం జెప్పాలె?"

"బులెటిన్ సూసినవా?"

"సూసిన."

"గదే చెప్పు."

"అందరికి రాసింది సరే బిడ్డా, అత్తకు జెర వివరంగ…"

"బాపు, గా దారిల ఉన్నోళ్లందరూ ఎవరికో ఒకరికి అత్తలే. అత్తకు ఒక వాన, ఊరికి ఒక వాన ఉండదు. పెట్టేస్తున్న."

పెట్టేసింది. మొహం మీద తలుపేసినట్టనిపించింది మొదట. తర్వాత, టీ చల్లారిపోయేలోపు, అది వేరేగా మారింది. డెస్కులో కూర్చున్నన్నాళ్లూ మాకు వచ్చే ఫోన్లలో సగం ఇవే. మనవాళ్ల సంగతి కాస్త వేరుగా చూడండి, మనవాళ్లకు కాస్త ముందు చెప్పండి. అలాంటి ఫోన్‌కు ఎంతెంత పెద్దవాళ్ల గొంతులు మెత్తబడటం చూశానో నాకు తెలుసు. మా బిడ్డ గొంతు మెత్తబడలేదు. అడిగింది తండ్రి, అడిగించింది మేనత్త.

కానీ అక్కకు ఏదో ఒకటి చెప్పాలి. వానంటే లాభం లేదు. మంచన్నా లాభం లేదు. ఆ రెండింటి మధ్యలో ఉన్నది చెప్పాలి.

"అక్కా, నాట్లేసి తడిసినంక నువ్వేం జేస్తవ్?"

"ఇంటికచ్చి చీర మార్చుకుంట. అదేం అడుగుడురా?"

"గా కొండ మీద సగం దారిల చీర యాడ మార్చుకుంటవ్? తడిసిన చీరతోని ఉన్నప్పుడే వాన ఆగి మంచు పడ్తది. తడి బట్టల్తోటి చేపల ఐసు పెట్టెల కూసున్నట్టు. నీతోని అచ్చినోళ్లల్ల ముసలోళ్లు గూడ ఉన్నరు."

వెనకాల సిరిసిల్ల గొంతు "ఏమంటున్నడు వదినా, ఏమంటున్నడు" అని అడుగుతూనే ఉంది.

"సరే. ఆగుతం," అంది అక్క చివరికి. "గని ఒక్కటి ఇను. మాకున్నది ఇయ్యాల, రేపే. రేపు తొవ్వ బందైతే నాకు దర్శనం లేనట్టే. గందర్ని నేను తోల్కచ్చిన. ఒట్టి చేతుల్తోటి కోరుట్లల దిగితే నా మొకం యాడ పెట్టుకోవాలె? గట్లయిందనుకో, నీ బిడ్డకు నేనేం గానని చెప్పు."

*

ఆ రోజు నేను ఇల్లు కదల్లేదు. మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. "ఎండ కొడ్తున్నది. చీరలు ఉతికి ఆరేసినం. ఆరినయి గూడ." ఆ తర్వాత మళ్లీ చేసింది. "నాగపూర్ దిక్కోళ్లు మాటినకుంట పొద్దుగాలనే ఎల్లిపోయిన్రు. గుర్రాల మీద." నేను ఊఁ కొడుతున్నాను. ఫోన్లో బులెటిన్ మారిందేమో అని మళ్లీ మళ్లీ చూస్తున్నాను. జగిత్యాలలో కూర్చుని అంత దూరపు ఆకాశంలో మబ్బు పట్టాలని కోరుకున్న తండ్రిని నేనొక్కణ్నే అయి ఉంటాను.

పొద్దుగూకే వేళ మూడోసారి.

"గా నాగపూరోళ్లు దర్శనం జేసుకొని దిగచ్చిన్రు. మాకు ప్రసాదం పెట్టిన్రు తమ్మీ. పక్కోళ్ల ప్రసాదం తిన్నం."

వియ్యపురాలు ఫోన్ లాక్కుంది. "అన్నయ్యా, మీ బిడ్డ చెప్పిన వాన తొవ్వ తప్పి సిరిసిల్లకు పోయిందేమో. మా షెడ్డు మీద పడ్తున్నదో లేదో జెర కనుక్కోండ్రి."

వాన రాత్రి వచ్చింది. తెల్లారేసరికి సత్రం పైకప్పులు తెల్లబడ్డాయి. పైదారి మూసేశారు. ఆ రాత్రి పైన ఉండిపోయినవాళ్లు గదుల్లోనే కొన్నాళ్లు చిక్కుకుని, తర్వాత క్షేమంగా దిగారని విన్నాం. మావాళ్లకు రైలు ఉంది. వచ్చిన దారినే తిరిగి బయలుదేరారు.

ఆ పొద్దున బులెటిన్ తెరవడానికి నాకు చేయి రాలేదు. టీ తాగాక తెరిచాను. కొత్త రోజు వాతావరణానికి ముందు, అన్నిటికంటే పైన, రోజూ రాసే అక్షరాల్లోనే ఇలా ఉంది:

"నిన్న మధ్యాహ్నం నుంచి వస్తుందని చెప్పిన వాన రాత్రి వరకు రాలేదు. మేము చెప్పిన సమయం తప్పు. నిన్న పగటిపూట పైకి వెళ్లి దిగివచ్చే వీలు ఉండింది."

మూడో వాక్యం దగ్గర ఆగిపోయాను.

సవరణ అంటే ఏమిటో నాకు తెలుసు. పేపర్లో తప్పు మొదటి పేజీలో పడుతుంది, సవరణ లోపలి పేజీలో అడుగున, చిన్న అక్షరాల్లో పడుతుంది. అది కూడా ఎవరో గట్టిగా అడిగితేనే. "పొరపాటున ప్రచురితమైంది" అంటాం. ఎవరి పొరపాటో ఉండదు. దాని వల్ల ఎవరికి ఏం నష్టమైందో అసలే ఉండదు. ఆ సమయం తప్పు అని ఒప్పుకోవడంతో ఆగిపోయినా ఎవరూ ఏమీ అనేవారు కాదు. రాత్రి మంచు పడనే పడింది, దారి మూతపడనే పడింది, చెప్పింది జరిగిందని చేతులు దులుపుకోవచ్చు. మా బిడ్డ ఆ మూడో వాక్యం కూడా రాసింది. నా మాట విని మీరు పోగొట్టుకున్నది ఇదీ అని. దాన్ని పైన పెట్టింది.

మా ఆవిడను పిలిచి చదివి వినిపించాను.

"తప్పు జేసిన అని రాసుకున్నది. దానికి నువ్వు గింత ఉబ్బుతున్నవేంది?"

"గట్ల రాసినోళ్లను నేను ఇంతవరకు సూడలేదు."

"మీ అక్కకు జెప్పు ఆ మాట," అంది. "నాకెందుకు చెప్తవ్."

*

పెద్దపల్లి నుంచి కోరుట్లకు వెళ్లాలంటే జగిత్యాల మీదుగానే పోవాలి. ఎప్పుడైనా అక్క ఇటు దాటితే మా ఇంట్లో అన్నం తినకుండా పోదు. ఈసారి ఆగలేదు. బస్టాండు నుంచి ఫోన్ కూడా చేయలేదు. మా బిడ్డ రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదట. వాడలో ఆడవాళ్లు అక్క ముందు ఏమీ అనలేదు కానీ, నల్లా దగ్గర "మేం కొండ కింద చీరలు ఉతికి అచ్చినం" అని ఎవరో నవ్వితే అది తిరిగి తిరిగి ఆమె చెవిన పడింది.

నేను కోరుట్ల వెళ్లాను. అక్క బీడీలు చుడుతోంది. మంచినీళ్లిచ్చింది కానీ మొహం చూడలేదు. జేబులోంచి ఫోన్ తీసి, ఆ మూడు వాక్యాలు తెలుగులో చదివాను. చేతులు ఆగలేదు. ఆకు మీద పొగాకు, చుట్టు, దారం.

"ఆఖర్ది మల్ల సదువు."

చదివాను.

"అంటే మేం పోతే అయ్యేదన్నట్టు గదా."

"అన్నట్టే. గని మీరు రాత్రి పైన ఉండేటోళ్లు…"

"గది నాకెరుకనే. నువ్వు చెప్పకు." ఇంకో బీడీ చుట్టి కట్టలో పెట్టింది. "గా మాట దాని సారు రాయించిండా, అదే రాసిందా?"

"నేనదే అడిగిన. తనే రాసింది. పెద్దసారు ఆఖరి మాట అవసరమా అన్నడట. అవసరమే అన్నదట."

అక్క కట్టకు దారం బిగించింది. "టీ తాగిపో," అంది. ఆ టీలో చక్కెర వేయడం మరిచిపోయింది. నేను అడగలేదు.

కొండమీద గుడి మూసేశాక మా బిడ్డకు సెలవు దొరికింది. వచ్చిన మర్నాడే "కోరుట్లకు పోదాం" అంది. బస్సెక్కాం. అక్క తలుపు తీయకపోతే ఏం చేయాలా అని ఆలోచిస్తున్నాను. రోడ్డు పొడవునా సగం వెడల్పు దాకా వడ్లు ఆరబోసి ఉన్నాయి.

తలుపు తీసే ఉంది. వాకిట్లో ఎండలో ఏడెనిమిది మంది ఆడవాళ్లు వరసగా చాటలు పెట్టుకుని కూర్చున్నారు. యాత్రకు పోయినవాళ్లే అందరూ. మమ్మల్ని చూసి మాటలు ఆగిపోయాయి. అక్క లేవలేదు.

"రా," అంది. "కూసో."

కుర్చీ ఉన్నా మా బిడ్డ కింద చాప మీద కూర్చుంది.

"అత్తా, టైము నేనే తప్పు చెప్పిన."

"రాసినవట గద. మీ బాపు సదివిండు. మా వాడకంత నేనే చెప్పిన." అక్క ఆమెను ఎగాదిగా చూసింది. "నాకొకటి చెప్పు. గా పొద్దుగాల నీకు అనుమానం లేకుండెనా? వాన లేట్ అస్తదేమోనని."

"ఉండె."

"ఉండెనా?"

"రాసేటప్పుడు గూడ ఉండె అత్తా. మధ్యాహ్నం రావచ్చు, రాత్రి రావచ్చు. రెండు తీర్లుగ కనవడ్డది."

"మరి పోనియ్యక మమ్ముల కింద కూసోబెడ్తివి."

"లేట్ అస్తదని చెప్పి, వాన ముందుగాల అస్తే, పైకి ఎక్కుతున్నోళ్లు మల్ల దిగలేరు. ముందు అస్తదని చెప్పి లేట్ అస్తే, కింద ఉన్నోళ్లు తిడ్తరు. తిట్లు నయమనుకున్న."

ఎవరి చేతులూ కదల్లేదు. మా అక్క చేతులు కూడా ఆగాయి. చాట పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"అయితే పడు తిట్లు. మేం ఇంకా తిట్టలేదు."

మొదటి తిట్టు ఆమె తిట్టింది. నీ వాన మన్నుగాను, నాగపూరోళ్ల ముంగట మా ఇజ్జత్ తీసినవ్ గదనే అని. పక్కన కూర్చున్నావిడ అందుకుంది, ఉతికిన చీరే మల్ల ఉతికిన పిల్లా, నాకేం తోచక. ఒకావిడ తన ముసలి కాళ్ల మీద ఒట్టేసి, ఆ రోజు తను ఎక్కేదేననీ, నువ్వు ఆపినందుకే మిగిలాననీ తిట్టూ దీవెనా కలిపి ఏదో అంది. అది తిట్ల కిందికి రాదని మిగతావాళ్లు కొట్టేశారు. అక్క సిరిసిల్లకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

"వదినా, పిల్ల అచ్చింది. నీ వంతు."

వెనకాల సాంచాల చప్పుడు. దాని మీంచి కేక. "ఏమే, నువ్వు చెప్పిన మధ్యాహ్నం ఇప్పుడైందా? మీ ఆఫీసుల గడియారం ఉన్నదా, లేకుంటే నేను పంపాల్నా?"

మా బిడ్డ ఒక్కొక్క తిట్టుకూ ఆవిడ వైపు తిరిగి, మధ్యలో అడ్డం రాకుండా, చివరిదాకా విన్నది. తల వంచుకోలేదు. నేను మూల కుర్చీలో కూర్చుని ఉన్నాను. నా పేరు అచ్చులో చూసుకున్న రోజులు నాకు చాలానే ఉన్నాయి. వాటిలో ఏ రోజూ నా ఛాతీ ఇంత నిండలేదు. కోరుట్ల వాకిట్లో నా బిడ్డను పదిమంది తిడుతుంటే నిండింది.

"అయిపోయినయా అందరియి?" అంది అక్క. "ఇగ ఇనుండ్రి. గుడి తలుపులు తెరిసినంక మల్ల పోతున్నం. ఈమె ఆగుమంటే ఆగుడే. ఇష్టమున్నోళ్లే రాండ్రి."

"మల్ల తప్పైతే?" అంది చీర ఉతికినావిడ.

"మల్ల తిడుదాం. పరాయిదా ఏంది?" అని మా బిడ్డ వైపు తిరిగింది. "ఏ నెల మంచిదే?"

నేను అనుకున్నాను, ఇప్పుడన్నా అత్త మనసు కోసం ఒక మంచి రోజు చెప్పేస్తుందని.

"మే నెల నయం ఉంటది అత్తా. గని గా కాలానికి సూచన ఇంకా రాయలేదు. రాయకుండ రోజు చెప్ప."

"రాసినంకనే టికెట్లు తీసుకుంటం తీ," అని అక్క ఆకుల చాట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది.